మిర్రర్‌లో ఒక డిస్క్ పోతే రెండోదానితో కంప్యూటర్ ఎందుకు బూట్ కాదు?

భీమవరంలో రొయ్యల మేత కొట్టు లెక్కలన్నీ ఉన్న లినక్స్ మెషీన్, రెండు డిస్కుల రెయిడ్ 1 (రెండింటిలోనూ ఒకే డేటా ఉంచే మిర్రర్). మొదటి డిస్క్ పోయింది, రెండోది బాగున్నా బూట్ కావట్లేదు. ఇదీ మీ ప్రశ్న.

టెన్షన్ పడకండి, రెండో డిస్కులో లెక్కలు ఉండే అవకాశమే ఎక్కువ. మిర్రర్ కాపాడేది తన లోపలి డేటానే. బూట్‌కి కావాల్సిన ఈఎఫ్ఐ పార్టిషన్ (బూట్ ఫైళ్లుండే డిస్కులోని చిన్న భాగం) మామూలుగా మిర్రర్ బయట, ఒక్క డిస్కులోనే ఉంటుంది. పాత బయోస్ మెషీన్లయితే లినక్స్‌ని లోడ్ చేసే బూట్ ప్రోగ్రామ్ గ్రబ్‌ది కూడా చాలాసార్లు ఇదే కథ.

లైవ్ పెన్‌డ్రైవ్‌తో (దాని నుంచే నేరుగా లినక్స్ నడుస్తుంది) ఆన్ చేసి, లినక్స్‌లో రెయిడ్‌ని నడిపే ఎండీఆడమ్ (mdadm) టూల్‌లో అసెంబుల్, రన్ ఆప్షన్లు ఇచ్చి ఒక్క డిస్కుతోనే మిర్రర్ తెరవండి. పొరపాటున కూడా క్రియేట్ వాడొద్దు, ఉన్న డేటాకే ముప్పు. తెరుచుకోగానే లెక్కలు బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి, మిగతా పనులు ఆ తర్వాతే.

పాడైన డిస్క్ విప్పేముందు స్టిక్కర్ మీది సీరియల్ నంబర్ సరిచూడండి. కంగారులో మంచి డిస్కునే పీకేస్తుంటారు. కొత్తది చేర్చాక రెండింటిలోనూ ఈఎఫ్ఐ పార్టిషన్ పెట్టి గ్రబ్ ఎక్కించండి. సింక్ (కొత్త డిస్కుకి డేటా కాపీ అవడం) పూర్తయ్యేదాకా యూపీఎస్ మీదే ఉంచండి, తుపాను రోజుల్లో మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందేగా.