ఎద్దుల జత కొనబోయే ముందు

చిన్నా,

ట్రాక్టర్లున్న రోజుల్లో ఎద్దులెందుకని మీ నాన్న కోప్పడ్డాడని రాశావు. వాడి మాట కొట్టిపారేయకు. ట్రాక్టర్ పని లేని రోజు షెడ్డులో ఊరికే పడుంటుంది, ఎద్దుకి పని ఉన్నా లేకపోయినా మేత వెయ్యాల్సిందే. ఆ లెక్క చూసుకునే నేనూ ఒకప్పుడు జతని అమ్మేశాను. కానీ నీది చిన్న కమతం, వరసల మధ్య కలుపు పని ఎక్కువ. పైరు ఎదిగాక అక్కడ ట్రాక్టర్ తిరగలేదు, పైగా దాని బరువుకి నేల గట్టిపడుతుంది. లోతు దుక్కికి అద్దె ట్రాక్టర్ పిలుచుకో, వరసల మధ్య కలుపు తీసే గుంటక తోలడానికి ఎద్దుల్ని పెట్టుకో. రెండూ ఉంటే తప్పేం లేదు.

కొనేటప్పుడు మాత్రం ఒక్కో ఎద్దునీ విడిగా చూసి మురిసిపోకు. జత కుదిరిందా లేదా, అది చూడు. నేను మొదట్లో ఒక ఎత్తైన కోడె మీద మోజుపడి, ఇంట్లో ఉన్న పొట్టి ఎద్దు పక్కన కట్టాను. కాడి ఒరిగిపోయి, వారం తిరక్కుండానే మెడ పుండు పడింది. అది మానేసరికి విత్తే అదను దాటిపోయింది. ఆ ఏడాది పడ్డ టెన్షన్ నాకు తెలుసు. ఎత్తూ నడకా సరిపోవాలి. బలంలో కొద్ది తేడా ఉంటే సర్దుకోవచ్చు: నాగలి నుంచి వచ్చే పొడుగాటి కర్రని, అదే నొగని, కాడికి కట్టే చోటుని బలమైన ఎద్దు వైపు కాస్త జరిపితే బరువు దాని మీద ఎక్కువ పడి, రెండోదానికి తేలికవుతుంది.

కాడి ఆనే చోట రోజూ చేత్తో తడిమి చూడు. వేడిగా, వాపుగా ఉంటే ఆ పూట అరక కట్టకు. ఎద్దుకి మూపురం ముందు కాడి ఆనుతుంది కాబట్టి నున్నటి చెక్క చాలు. గుర్రానికి ఆ ఆనిక లేదు, భుజాల మీద బరువు పడే మెత్తటి పట్టెడ వచ్చాకే అది నాగలికి బాగా పనికొచ్చింది.

కోడెకి పని నేర్పేటప్పుడు తొందరపడకు. ముందు పగ్గానికి అలవాటు చెయ్యి. తర్వాత ఒట్టి కాడి, ఆపైన ఒక దుంగ, చివరికి నాగలి. పని తెలిసిన ఎద్దు పక్కన కడితే సగం అదే నేర్పుతుంది. దాపట, అంటే ఎడమవైపు, కట్టినదాన్ని ఎప్పుడూ దాపటే కట్టు.

గంటల తరబడి లాగాలంటే తన బరువులో పదో వంతు వరకే ఎద్దుకి సుఖం. 400 కిలోల ఎద్దుకి సుమారు 40 కిలోల లాగుడన్నమాట. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరకముందే విప్పెయ్యి. తిన్నాక నెమరుకి తీరిక ఇవ్వకపోతే ఎంత మేత వేసినా ఒంటికి పట్టదు. అన్నట్టు, ఎకరం అనే కొలత పుట్టిందే జత ఎద్దులు రోజులో దున్నే నేల నుంచి. నువ్వు మొదటి ఏడాది అందులో సగం దున్నినా గొప్పే.

1990లలో సోవియట్ యూనియన్ పోయి డీజిల్ అందనప్పుడు క్యూబా రైతులు మళ్ళీ ఎద్దుల్ని కట్టారు. అంటే ఇది వయసు మీద పడ్డవాళ్ళ చాదస్తం మాత్రమే కాదని మీ నాన్నతో చెప్పు.

బేరం కుదుర్చుకునే ముందు ఆ జత నడుస్తుండగా వీడియో తీసి పంపు. అమ్మేవాడు పక్కనుంచి చూపిస్తాడు, నువ్వు వెనకనుంచి తియ్యి. డెక్కలు ఎలా పడుతున్నాయో నేను చూడాలి.

మీ పెదనాన్న