నెమ్మదిగా బతకడమంటే నోరు మూసుకోవడమా?

ప్రశ్న: వందనాలు అయ్యగారూ. నేను ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. సాయంత్రమయ్యేసరికి మా సెక్షన్‌లో ఇద్దరు తమ బిల్లులు నా టేబుల్ మీద పెట్టి, "నువ్వు ప్రార్థనాపరుడివి కదా, ఏమీ అనుకోవులే" అని వెళ్లిపోతారు. క్రైస్తవుడిగా నా సాక్ష్యం పాడవుతుందని నేనూ మాట్లాడను. ఇంటికెళ్లేసరికి పిల్లలు నిద్రపోతుంటారు, కుటుంబ ప్రార్థన ఆగిపోయింది, చిరాకంతా నా భార్య మీద చూపిస్తున్నాను. వాళ్లని అడిగితే తప్పా?

జవాబు: అడగండి. ఆఫీసులో గొడవ లేదని మీరు అనుకుంటున్నారు గానీ, ఆ గొడవ మీతోపాటు ఇంటికి వస్తోంది, దాన్ని పడుతున్నది మీ ఆవిడ. ముందు ఆమెకు సారీ చెప్పండి, మిగతాది తర్వాత.

మీ మనసులో ఉన్నది బహుశా బైబిల్లోని 1 థెస్సలొనీకయులకు 4:11 వాక్యం అయివుంటుంది. నెమ్మదిగా, పరుల జోలికి పోకుండా, సొంత పనులు చూసుకుంటూ, చేతులతో కష్టపడి బతకమని అపొస్తలుడైన పౌలు థెస్సలొనీక సంఘానికి రాసిన ఆ ఉత్తరంలో చెప్పాడు. దీన్ని మనవాళ్లు చాలామంది "ఎవరేం చేసినా పడి ఉండు" అన్నట్టు చదువుకుంటారు. రాసిన మనిషి అలా బతకలేదండీ. థెస్సలొనీకకు రాకముందు ఫిలిప్పీ పట్టణంలో ఆయన్నీ, ఆయనతో కలిసి తిరిగిన సీలనూ విచారణ లేకుండా కొట్టించి చెరసాలలో వేశారు. తెల్లారాక అధికారులు గుట్టుచప్పుడు కాకుండా పంపించేద్దామని చూస్తే పౌలు ఒప్పుకోలేదు. రోమా పౌరులమైన మమ్మల్ని అందరి ముందూ కొట్టించి ఇప్పుడు చాటుగా వెళ్లగొడతారా, వాళ్లే వచ్చి బయటికి తీసుకెళ్లాలి అన్నాడు (అపొ. కార్యములు 16:37). వాళ్లు వచ్చి బతిమాలుకున్నారు. ఆయన మాత్రం ఎవర్నీ తిట్టకుండా, ఊళ్లో అల్లరి లేపకుండా, ఆ ఊళ్లోని విశ్వాసి లూదియ ఇంటికి వెళ్లి సహోదరులను ఆదరించి తన దారిన వెళ్లిపోయాడు. నెమ్మది అంటే నాకు కనిపించేది అదీ.

పైగా వాక్యం చూసుకోమన్నది సొంత పనులు. వాళ్ల బిల్లులు మీ సొంత పని ఎలా అయ్యాయి?

సాయంత్రం బ్యాగు భుజాన వేసుకున్నవాళ్లతో మాట్లాడకండి, మాట పెరుగుతుంది. పొద్దున్నే ఒక్కొక్కరితో విడిగా, "ఇవాళ్టి నుంచి నా పని అయ్యాక నేను ఇంటికెళ్తాను, మీ బిల్లులు మీరే చూసుకోండి" అని మామూలు గొంతుతో చెప్పండి. కారణాల చిట్టా విప్పొద్దు, వాక్యం ఎత్తి దెప్పొద్దు. ఎవరింట్లోనైనా జబ్బు ఉండి ఆ రోజుకి సాయం అడిగితే అది వేరే సంగతి, సంతోషంగా చేసిపెట్టండి. వాళ్లు ముఖం మాడ్చుకుంటారేమో, మాడ్చుకోనివ్వండి. రోమా 12:18లో కూడా "శక్యమైతే, మీ చేతనైనంత మట్టుకు" సమాధానంగా ఉండమన్నారు తప్ప, అవతలివాళ్ల మూడ్‌కి పూచీ మీదే అనలేదు.

ప్రశ్న: మా సంఘంలో ఒక సహోదరుడు, ప్రభువు రాకడ, అంటే యేసు తిరిగి వచ్చే రోజు, దగ్గర పడిందని ఉద్యోగం మానేశాడు. ప్రతి నెలా అందరి దగ్గరా చేబదులు అడుగుతున్నాడు. ఇవ్వాలా?

జవాబు: ఇది పాత జబ్బే. థెస్సలొనీక సంఘంలోనూ కొందరు పనీపాటా లేకుండా పరుల జోలికి పోతుంటే, పని చేయనొల్లనివాడు తినకూడదని పౌలు గట్టిగానే రాశాడు (2 థెస్స. 3:10). రాకడ గురించి అంతగా బోధించిన ఆ మనిషే రాత్రింబగళ్లు కష్టపడ్డాడు, కొరింథులో అకుల, ప్రిస్కిల్ల దంపతులతో కలిసి డేరాలు కుట్టాడు. కానీ ఆ మాట పని చేయనంటున్నవాళ్ల గురించి, పని దొరకనివాళ్ల మీదో ఒంట్లో బాగాలేనివాళ్ల మీదో దాన్ని ప్రయోగించకండి. ఈయనకు డబ్బు ఇవ్వడం ఆపి, ఎక్కడైనా ఖాళీ ఉంటే ఆ కబురు ఇవ్వండి, మొదటి రోజు మీరే వెంట వెళ్లండి. శత్రువుగా చూడొద్దు, సహోదరుడిగా బుద్ధి చెప్పమని అదే అధ్యాయంలో ఉంది. ఇంట్లో పిల్లలు పస్తులుంటే మాత్రం సరుకులు నేరుగా వాళ్ల అమ్మ చేతికే ఇవ్వండి, ఆయనకు బుద్ధి చెప్పేది ఆ తర్వాత చూసుకోవచ్చు.