మెతే గజోజ్ టోక్యోలో ఒక్కసారి మెరిసి ఆగిపోయాడా?

టర్కీ ఆర్చర్ మెతే గజోజ్ గురించి ఈ మాట అనడం అన్యాయం. 2016లో రియో ఒలింపిక్స్ ఆడేనాటికి అతనికి 17 ఏళ్లే. టోక్యో ఫైనల్లో ఇటలీ ఆర్చర్ మౌరో నెస్పోలిని 6-4తో ఓడించి, ఆర్చరీలో తన దేశానికి వచ్చిన మొట్టమొదటి ఒలింపిక్ పతకాన్నే స్వర్ణంగా అందించాడు. అక్కడితో ఆగలేదు కదా, 2023లో బెర్లిన్‌లో ప్రపంచ ఛాంపియన్ కూడా అయ్యాడు.

నాకైతే ఆ రెండోదే ఇంకా గొప్పగా అనిపిస్తుంది. ఎందుకంటే ఈ ఆటలో సెట్‌కి మూడే బాణాలు, 70 మీటర్ల దూరం, ఒక్క బాణం పక్కకి పోయినా ఆ సెట్ చేజారిపోవచ్చు, అంత టెన్షన్‌లో మళ్లీ మళ్లీ గెలవడం అదృష్టంతో అయ్యే పని కాదు.

2024 పారిస్‌లో టీమ్ కాంస్యం వచ్చింది. వ్యక్తిగత క్వార్టర్స్‌లో అతన్ని ఓడించిన కొరియా ఆర్చర్ కిమ్ వూజిన్ చివరికి స్వర్ణం గెలిచాడు.