ఇంటి లోపలి గిలాబు, లప్పం సొంతంగా చేసుకోవచ్చా? చేసుకోవచ్చు, కానీ...

మీరు అడిగింది ఇదీ: హన్మకొండలో పాత ఇంటి మీద రెండు గదులు వేశారు, ఎర్ర ఇటుక కట్టుబడి అయిపోయింది, మేస్త్రీలు దొరకడం లేదు. లోపలి గిలాబు (సిమెంటు ప్లాస్టరింగ్), దాని మీద లప్పం (పుట్టీ) మీరూ మీ తమ్ముడూ కలిసి సెలవుల్లో చేసుకోవచ్చా, మేస్త్రీ చేసినట్టు రావాలంటే ఏం చేయాలి అని. గోడల వరకు చేసుకోవచ్చు. సీలింగ్ జోలికి మాత్రం పోవద్దు, ఎందుకో చివర్లో చెప్తాను.

మాది హసన్‌పర్తి దగ్గర ఊరు. నాన్న తాపీ మేస్త్రీ. పదో తరగతి తర్వాత ఆయన వెంట మాలు (సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్ద) అందిస్తూ పని నేర్చుకున్నా. ఆ తర్వాత దుబాయ్‌లో తొమ్మిదేళ్లు ప్లాస్టరింగ్ పనే చేశా. వచ్చాక మళ్లీ ఇక్కడే. పనిముట్లు మారాయి, కూలి మారింది గానీ, నాన్న పని మొదలుపెట్టే ముందు అనే మాట మాత్రం మారలేదు: "ముందు గోడ దూప తీర్చురా, తర్వాతే మాలు కొట్టు." దూప అంటే దాహం.

ఆ మాట విననందుకు సొంతింట్లోనే బుద్ధొచ్చింది. దుబాయ్ నుంచి వచ్చిన ఏడాది, మే నెలలో, పడమటి గోడకు పొద్దున పదకొండింటికి గిలాబు మొదలుపెట్టా. పైపైన నాలుగు చెంబుల నీళ్లు చల్లి మాలు కొట్టేశా. సాయంత్రం చూస్తే గోడ అద్దంలా ఉంది. పది రోజులకు వేలి గణుపుతో తడితే కుండ మీద కొట్టినట్టు డొల్ల చప్పుడు. సగం గోడ ఊడబీకాల్సి వచ్చింది. మాలులోని నీళ్లు కొన్ని ఇటుక పీల్చేసింది, కొన్ని ఎండకు పోయాయి. సిమెంటు ఎండడం వల్ల గట్టిపడదు, నీళ్లతో కలవడం వల్ల గట్టిపడుతుంది. మధ్యలో ఆ నీళ్లు లాగేస్తే మిగిలేది ఇసుకే. దుబాయ్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని ఆపించే నియమం ఉంది. అది మనుషుల కోసం పెట్టింది, కానీ మన ఎండాకాలంలో గిలాబుకు కూడా అదే పాటించాలని నాకు అప్పుడు తట్టింది. మీరైతే వానలు తగ్గాక పెట్టుకోండి. ఎండాకాలమే తప్పకపోతే తెల్లారి మొదలుపెట్టి పదింటికల్లా ముగించండి, కిటికీలకు గోనెలు కట్టండి.

ముందు రోజు సాయంత్రం గోడను పైనుంచి కిందికి బాగా తడపండి. పొద్దున అరచేయి పెడితే చల్లగా, తడిగా తగలాలి, కానీ గోడ మీద నీళ్ల మెరుపు ఉండకూడదు. మెరుపు ఉంటే మాలు జారుతుంది. ఇది ఎర్ర ఇటుకకు చెప్తున్నా. తెల్లటి తేలిక బ్లాకులైతే అంత తడపొద్దు, పైన చిలకరిస్తే చాలు.

తడిపే ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇటుకల మధ్య అతుకులు సుమారు 10 మిల్లీమీటర్ల లోతు గీకి ఉండాలి, గిలాబు పట్టుకునేది అక్కడే. కరెంటు పైపుల కోసం తవ్విన గాళ్లు ఒకట్రెండు రోజుల ముందే పూడ్చేయాలి. కాంక్రీటు పిల్లర్, ఇటుక గోడ కలిసే చోట రెండు వైపులా 15 సెంటీమీటర్లు వచ్చేలా చికెన్ మెష్ జాలీ కొట్టాలి. వేడికి పిల్లర్ ఒకలా, గోడ ఒకలా వ్యాకోచిస్తాయి. జాలీ లేకపోతే ఏడాది తిరిగేసరికి సరిగ్గా ఆ గీత మీదే నిలువు పగులు వస్తుంది. మన దగ్గర కొత్త ఇళ్లలో కనిపించే పగుళ్లలో చాలావరకు ఇవే, పునాది కుంగిందని అనవసరంగా టెన్షన్ పడుతుంటారు. పిల్లర్ నున్నగా ఉంటే ఉలితో గాట్లు పెట్టండి.

ఇసుక విషయంలో మొహమాటం వద్దు. మానేరు ఇసుకైనా గోదావరి ఇసుకైనా గిలాబుకు జల్లెడ పట్టాల్సిందే. లారీ దింపకముందే ఒక పారదర్శక సీసాలో సగం దాకా ఇసుక పోసి, చెంచా ఉప్పు కలిపిన నీళ్లు పోసి, బాగా ఊపి మూడు గంటలు కదలకుండా పెట్టండి. ఇసుక మీద మట్టి పొర వేరుగా తేలుతుంది. 10 సెంటీమీటర్ల ఇసుక మీద ఆ పొర 8 మిల్లీమీటర్లు దాటితే ఆ ఇసుక వద్దు, లేదా కడగాలి. డ్రైవర్ మూడు గంటలు ఆగడు కదా అంటారా? అందుకే ముందు రోజు వెళ్లి కుప్ప లోపలి నుంచి నమూనా తెచ్చుకోవాలి. క్రషర్లలో రాయి పొడి చేసి తీసే రోబో ఇసుకలో కాంక్రీటుకు వేరే, ప్లాస్టరింగ్‌కు వేరే ఉంటాయి. చౌకగా వస్తుందని డస్ట్ అంటగడతారు, తీసుకోకండి.

లోపలి గోడకు ఒకటికి ఆరు చాలు, సిమెంటు ఒక పాలు, ఇసుక ఆరు పాళ్లు. ఎక్కువ సిమెంటు వేస్తే గట్టిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు, నిజానికి పగుళ్లు ఎక్కువవుతాయి. 12 మిల్లీమీటర్ల మందానికి 100 చదరపు అడుగులకు ముప్పావు బస్తా నుంచి బస్తా లోపు సిమెంటు, ఐదారు ఘనపు అడుగుల ఇసుక పడతాయి. తడి ఇసుక ఉబ్బి ఉంటుంది కాబట్టి కొలతకు కొంచెం ఎక్కువ వేయాలి. పొడిగానే రంగు ఒకేలా వచ్చేదాకా రెండుసార్లు తిరగేసి, ఆ తర్వాతే నీళ్లు పోయండి. నీళ్లు పోసిన అరగంటలో వాడేసేంతే కలపండి. కొత్తవాళ్లకు రెండు తట్టల మాలే ఎక్కువ. బిగుసుకున్న మాలులో మళ్లీ నీళ్లు పోసి కలిపితే చూడ్డానికి మెత్తబడుతుంది, బలం మాత్రం పోయినట్టే.

గోడ తిన్నగా రావడమంతా గుర్తుల్లోనే ఉంది. పైన, కింద ఐదారు అడుగులకొకటి సిమెంటు బొట్లు పెట్టి, తూకం గుండు వేసి, దారం లాగి అన్నింటినీ ఒకే మట్టానికి తెచ్చుకోండి. నాకిప్పటికీ ఒక గదికి దీనికే గంటన్నర పడుతుంది. ఆ తర్వాత బొట్ల మధ్య మాలు తాపీతో విసిరి కొట్టాలి, రొట్టెకు నెయ్యి రాసినట్టు రాయకూడదు. అల్యూమినియం బద్దతో కింది నుంచి పైకి, అటూ ఇటూ కదుపుతూ లాగండి, గుంటలు కనిపించిన చోట మళ్లీ కొట్టండి. ఎక్కడైనా 15 మిల్లీమీటర్లు దాటుతుందంటే ఒకేసారి నింపొద్దు. మొదటి పొర గరుకుగా వదిలి మర్నాడు రెండోది వేయండి.

ఇప్పుడు అందరూ తప్పు చేసే చోటు. బద్ద లాగగానే పలక పట్టుకుని రుద్దడం మొదలుపెడతారు. ఆగండి. బొటనవేలు నొక్కితే కొంచెం ముద్ర పడాలి, వేలికి తడి అంటకూడదు. అప్పుడు చెక్క పలకతో గుండ్రంగా తిప్పుతూ రుద్ది, చివర్లో పిండిన స్పాంజి ఆడించండి. చలికాలంలో దీనికి గంట పైనే ఆగాల్సి రావచ్చు. ఎండలో పావుగంట కూడా ఇవ్వదు. కొందరు మేస్త్రీలు ఆగలేక తడి గిలాబు మీద పొడి సిమెంటు చల్లి నున్నగా చేస్తారు. ఆ రోజుకు మెరుస్తుంది, నెలకు సాలెగూడులా సన్నటి పగుళ్లు వస్తాయి. లప్పం వేసే గోడకు ఆ నునుపుతో పనే లేదు, స్పాంజి గరుకే దానికి పట్టు.

మర్నాటి నుంచి ఏడు రోజులు రోజుకు మూడు నాలుగుసార్లు తడపాలి. ఇది ఆదివారం పని కాదు. ఇంట్లో పగలు ఎవరుంటారో చూసుకుని మొదలుపెట్టండి.

లప్పం దగ్గరికి వద్దాం. మన వైపు పుట్టీ ఏదైనా లప్పమే అంటారు గానీ, చాక్ పౌడర్‌లో జిగురు కలిపే పాత రకం చెమ్మ తగిలితే పొడిపొడిగా రాలుతుంది. వైట్ సిమెంట్ పుట్టీ తీసుకోండి. గిలాబు తడపడం ఆపాక పూర్తిగా ఆరేదాకా వదిలేయండి, మూడు నాలుగు వారాలు పట్టినా సరే. వేసేముందు గోడ మీద దుమ్ము దులిపి కాస్త చెమ్మ చేసి, పలచగా రెండు కోట్లు. రెండూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటొద్దు. గోడ వంకరను లప్పంతో సరిచేద్దామనుకుంటే పెచ్చులుగా ఊడుతుంది. రాత్రి లైట్లు ఆపి, టార్చ్ గోడకు ఆనించి పక్కనుంచి కొట్టి చూడండి. పగలు కనిపించని ప్రతి గీత, గుంట నీడతో బయటపడుతుంది. పెన్సిల్‌తో చుట్టి, మర్నాడు వాటినే సరిచేసి ఎమరీ పేపర్ కొట్టండి. నీళ్లతో తడిపే పని లేదని జిప్సం ప్లాస్టర్ చేయిద్దామని ఎవరైనా అంటే, పొడి గదులకు మంచిదే. బాత్రూముకు, బయటి గోడకు మాత్రం వద్దు.

ఇక ఒళ్లు కాపాడుకోవడం. దుబాయ్‌లో ఒకరోజు బూటు లోపలికి మాలు జారింది. పనిలో పట్టించుకోలేదు, మంట కూడా తెలియలేదు. సాయంత్రం సాక్సు తీస్తే మడమ చర్మం దాంతోపాటే వచ్చింది. తడి సిమెంటు తీవ్రమైన క్షారం, నొప్పి తెలిసేలోపే కాలుస్తుంది. రబ్బరు గ్లోవ్స్ వేసుకోండి, మాలు అంటిన బట్ట వెంటనే మార్చండి. ఎమరీ కొట్టేటప్పుడు, గోడ కోసేటప్పుడు మూతికి తువ్వాల చుట్టుకుంటే సరిపోదు, ఎన్95 మాస్కు కావాలి. ఇటుక, కాంక్రీటు కోసినప్పుడు లేచే దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుంటే మళ్లీ బాగయ్యే జబ్బు కాదు. తడిపేముందు ఆ గదుల కరెంటు మెయిన్ దగ్గరే ఆపేయండి. ఎత్తు పనికి రెండు డ్రమ్ముల మీద ఒక్క పలక వేసి నిలబడొద్దు. నా పక్కన పనిచేసిన మనిషి అలాగే పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు, మూడు నెలలు తాపీ పట్టలేదు. పలకలు రెండు పక్కపక్కన వేసి కట్టేయాలి.

సీలింగ్ ఎందుకు వద్దన్నానంటే, అక్కడ మాలు తల మీదుగా పైకి కొట్టాలి. చేయి తిరగనివాళ్లు కొడితే సగం మొహం మీదే పడుతుంది. కంట్లో పడితే రుద్దకుండా కనీసం ఇరవై నిమిషాలు శుభ్రమైన నీళ్లు ధారగా పోసి, ఆ వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. పైగా సీలింగ్‌కు 6 మిల్లీమీటర్ల పలచటి పొర చాలు, ఒకటికి మూడో నాలుగో కలపాలి, స్లాబుకు గాట్లు పెట్టాలి. అది సరిగా పట్టకపోతే ఏదో ఒక రాత్రి మంచం మీదే పడుతుంది. కాబట్టి దానికి మేస్త్రీని మాట్లాడుకోండి. పైపని ముందు, గోడలు తర్వాత అన్నది లెక్క కాబట్టి ఎలాగూ మొదట ఆయనే వస్తాడు. ఆ రెండు రోజులూ ఇద్దరూ కింద మాలు అందిస్తూ ఆయన చేయి గమనించండి. తర్వాత మొదటి గోడగా బీరువా వెనక్కి పోయేదాన్ని ఎంచుకోండి.