ఐసీయూ స్కోర్ చూసి పాప ఆయుష్షు లెక్కకట్టకండి

ప్రశ్న: మాది కావలి. మా నాలుగేళ్ల పాపకు న్యుమోనియా ముదిరి సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ వల్ల ఒంట్లో అవయవాలు దెబ్బతినే స్థితి) అయితే నెల్లూరులో పిల్లల ఐసీయూలో పెట్టారు, వారం పైనే వెంటిలేటర్ మీద ఉంది. ఇంటికొచ్చి మూడు వారాలైంది. తింటోంది గానీ నడిస్తే కాళ్లు తడబడుతున్నాయి. డిశ్చార్జి కాగితాల్లో ప్రిజమ్-3 స్కోర్ 16 అని ఉంది. నెట్‌లో చూస్తే అది చావు రిస్క్ అంట. పాప మాకు దక్కుతుందా?

జవాబు: దక్కింది కదండీ, ఇంట్లో అన్నం తింటోంది! ఆ 16 చేరిన మొదటి రోజు లెక్క. బీపీ, గుండె వేగం, స్పృహ, కంటిపాపలు, రక్తంలో ఆక్సిజన్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష), ప్లేట్‌లెట్లు లాంటివాటిలో తొలి 12 లేదా 24 గంటల్లో కనిపించిన అతి చెడ్డ విలువలకు మార్కులు వేసి కూడతారు. ఈ ప్రిజమ్-3 1996లో అమెరికా పిల్లల ఐసీయూల వివరాలతో తయారైంది, పిమ్-3 అని ఇలాంటి స్కోరే ఇంకోటి కూడా ఉంది. రెండూ ఆ అడ్మిషన్‌లో ప్రాణాపాయం ఎంతో చెప్పేవే, అదీ వందల మంది పిల్లలను కలిపి చూసినప్పుడు. కృష్ణపట్నం పోర్టులో ఎగరేసిన ప్రమాద సూచిక తుపాను తీరం దాటేదాకే కదా, ఇదీ అంతే. అసలు వివరం చెప్పకుండా ఆ అంకెను ఇంటివాళ్ల చేతికివ్వడం నాకు నచ్చదు.

మరి ముందుముందు సంగతి దేన్నిబట్టి తెలుస్తుందంటే, జబ్బుకు ముందు పాప ఎలా ఉండేది, ఇంటికొచ్చేటప్పుడు ఏ అవయవం ఇంకా కోలుకోలేదు అన్నవాటిని బట్టి. ఐసీయూ నుంచి బయటపడ్డాక చనిపోయే పిల్లల్లో ఎక్కువమందికి ముందునుంచే గుండె, నరాలు, క్యాన్సర్ లాంటి పెద్ద జబ్బులుంటాయి, ఆ ప్రమాదం కూడా మొదటి కొన్ని నెలల్లోనే ఎక్కువ. మీ పాపకు అలాంటివేవీ ఉన్నట్టు మీరు రాయలేదు కాబట్టి పెద్దయ్యేదాకా భయం పెట్టుకోనక్కర్లేదు, కానీ ఈ ఏడాది చెకప్‌లు మాత్రం మానొద్దు.

కాళ్లు తడబడటం అన్నాళ్లు మంచం మీదుండి కండ కరిగినందువల్ల కావచ్చు, ఐసీయూ పిల్లల్లో ఇది మామూలే. వారం వారం మెరుగవ్వాలి. అవకపోతే, లేదా ఒక పక్కే బలహీనంగా ఉంటే నరాల డాక్టరుకు చూపించండి. ఫిజియోథెరపీ ఇప్పుడే మొదలెట్టండి, జిల్లా ఆసుపత్రిలో పిల్లల డీఈఐసీ (ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే ప్రభుత్వ కేంద్రం) ఉందేమో అడగండి, అక్కడ డబ్బు తీసుకోరు. గొంతు బొంగురుగానే ఉన్నా, పీల్చినప్పుడు శబ్దం వస్తున్నా గొంతులో ట్యూబు పెట్టినచోట ఇరుకైందేమో ఈఎన్‌టీ చూడాలి. కిడ్నీ దెబ్బతిన్నదని కాగితాల్లో ఉంటే బీపీ, మూత్రం, క్రియాటినిన్ పరీక్షలు మళ్లీ చేయించాలి.

న్యుమోనియా టీకా, ఏటా ఫ్లూ టీకా సంగతి మీ పిల్లల డాక్టరుతో మాట్లాడండి. డొక్కలు ఎగరేస్తున్నా, మత్తుగా పడి ఉన్నా, మూత్రం తగ్గినా ఆర్ఎంపీ దగ్గర ఆగకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లండి. రాత్రిళ్లు ఉలిక్కిపడి ఏడుస్తోందా, అమ్మను వదలడం లేదా అన్నది కూడా ఈసారి చెకప్‌లో చెప్పండి, దిష్టి తీసి ఊరుకోకండి, ఐసీయూ భయం పిల్లల్లో నెలల తరబడి ఉంటుంది.