చిన్ననాటి హింస రెజ్లర్‌ను పెద్దయ్యాక కూడా వెంటాడుతుందా?

అవును, వెంటాడే అవకాశం ఎక్కువే. హింస మధ్య పెరిగిన పిల్లల మెదడు నిత్యం ప్రమాదాన్ని కాచుకుని ఉండటానికి అలవాటుపడుతుంది. పెద్దయ్యాక ఇంట్లో ఏ భయమూ లేకపోయినా, తలుపు ధడాలున పడితే చాలు, గుండె దడదడలాడుతుంది, పిడికిళ్లు బిగుసుకుంటాయి. ఆ అలజడిని అణచుకోవడానికి కొందరు మద్యాన్నో మత్తుమందునో ఆశ్రయిస్తారు. రెజ్లింగ్‌లో దానికి దెబ్బల నొప్పి, ఎడతెగని ప్రయాణాలు, ఒంటరి హోటల్ గదులు తోడవుతాయి.

అమెరికా ప్రొఫెషనల్ రెజ్లర్ జేక్ రాబర్ట్స్ తన బాల్యంలోని వేధింపుల గురించి, వ్యసనాల గురించి బహిరంగంగానే చెప్పారు. 2012లో తోటి రెజ్లర్ డైమండ్ డాలస్ పేజ్ ఇంట్లో చేరి కోలుకోవడం మొదలుపెట్టారు.

అంత కండబలం ఉన్నవాడికి మనసు నలగడం ఏమిటన్నది చాలామంది అపోహ. కండలు ఆ భయాన్ని చెరపలేవు. పైగా నొప్పిని దాచడం నేర్చిన మనిషి సాయం అడగడానికి మరింత తటపటాయిస్తాడు.