అరవ అక్షరాల రాయి మన ఊళ్లో ఎందుకుంది?

ప్రశ్న: మా ఊరి శివాలయం ముందు నాలుగు పలకల రాయి ఉంది. దాని మీద అక్షరాలు తెలుగు కాదు, అరవం అంటున్నారు. కుంభాభిషేకానికి రాయిని రుద్ది కడిగించి, అక్షరాలకు రంగు వేయిద్దామని పెద్దల మాట. వేయించవచ్చా?
– ఒక పాఠకుడు, కోవూరు

రంగు వద్దండి. ఎనామిల్ రంగు రాయి సన్నరంధ్రాలను మూసేస్తుంది. లోపలి చెమ్మ బయటికి రాలేక పొర లేస్తుంది, ఆ పొరతోపాటే అక్షరమూ ఊడుతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. రంగు పూసే మనిషి తనకు కనిపించిన గీతనల్లా అక్షరం అనుకుని దిద్దుతాడు. తర్వాత వచ్చినవాళ్లు చదివేది శాసనాన్ని కాదు, అతని ఊహను. శాసనాలను ఎక్కువగా పాడుచేస్తున్నది శత్రువులు కారు, గుడి మీద భక్తితో సున్నం, రంగు, టైల్స్ వేయించేవాళ్లే.

తమిళం కావడంలో వింత లేదు. నెల్లూరు నుంచి ఏలిన తెలుగు చోళుల కాలంలో ఈ సీమలో తమిళ శాసనాలూ వేయించారు. తిక్కనను ఆదరించిన మనుమసిద్ధిదీ ఆ వంశమే. 1263లో మదురై పాండ్యరాజు జటావర్మ సుందరపాండ్యుడు నెల్లూరులో వీరాభిషేకం, అంటే గెలుపు గుర్తుగా అభిషేకం, చేయించుకున్నాడు. ఆ రాయి తమిళులదీ మనదీ కూడా.

కడగాలంటే మంచినీళ్లు, మెత్తటి కుంచె చాలు. ఇనుప బ్రష్షు, యాసిడ్, సబ్బు పొడి తాకనివ్వకండి. అక్షరాలు కనబడాలని సుద్ద, పిండి రుద్దుతారు, అదీ తప్పే. పిండికి బూజు, చీమలు పడతాయి. పాత సున్నం గట్టిగా అంటుకుని ఉంటే చాకుతో గీకకండి, అక్షరం అంచు విరుగుతుంది. దాన్ని పురావస్తు శాఖవారికి వదిలేయాలి.

ముందు ఫొటోలు తీయండి. మధ్యాహ్నపు ఎండలో అక్షరం చదునుగా కనబడుతుంది. చీకటి పడ్డాక కెమెరాను రాయికి ఎదురుగా స్టాండు మీద నిలిపి, టార్చిని పక్కనుంచి, రాయికి దాదాపు ఆనించినట్టు ఏటవాలుగా వెలిగించండి. ఎడమ, కుడి, పైన, కింద నుంచి నాలుగుసార్లు తీయాలి. ఒకవైపు వెలుగులో దాగిన గీత ఇంకోవైపు వెలుగులో బయటపడుతుంది. పొడుగు రాయి అయితే ప్రతి ఫొటోలో ముందుదానిలోని మూడోవంతు మళ్లీ రావాలి. పక్కన స్కేలు పెట్టండి, పలకలకు వరుసగా 1 నుంచి 4 దాకా అంకెలివ్వండి. ఏ పలక ఏదో తెలియకపోతే పాఠం తారుమారవుతుంది.

తడి కాగితం పరిచి, కుంచెతో కొట్టి, మసి అద్ది తీసే అచ్చు శిక్షణ ఉన్నవాళ్ల పని. కాగితం మరీ తడిగా ఉంటే మసి రాయిలోకి దిగి మచ్చ మిగులుతుంది. పొరలు లేచే రాయి మీద అసలు చేయకూడదు.

ఫొటోలు అయ్యాక, 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి మూడు సంపుటాలుగా అచ్చు వేయించిన నెల్లూరు జిల్లా శాసనాల పుస్తకం చూడండి. పాత తాలూకాల వారీగా ఉంటాయి. కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి కూడా 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా నెల్లూరులోవే. మీ శాసనం అందులో ఉంటే, అప్పుడు చదవగలిగి ఇప్పుడు చెరిగిన పంక్తులేవో తేలుతుంది. లేకపోతే ఫొటోలు మైసూరులోని కేంద్ర శాసన విభాగానికి పంపండి. పాత తమిళ శాసనాల్లో హల్లుల మీది చుక్క సాధారణంగా ఉండదు, హ్రస్వ దీర్ఘ ఎ, ఒలకు తేడా చూపరు. అందువల్ల ఈనాటి తమిళం వచ్చినవారు తడబడతారు, పాత లిపి తెలిసినవారే చదవాలి. శకసంవత్సరం కనబడితే 78 కలపండి, క్రీస్తుశకం వస్తుంది. ఒక ఏడాది తేడా రావచ్చు కాబట్టి సంవత్సరం పేరుతో సరిచూడండి.

ప్రశ్న: ఇంట్లో తాటాకుల కట్ట, తాతలనాటి భూమి కాగితాలు ఒకే పెట్టెలో ఉన్నాయి. పురుగు పట్టింది. నూనె రాయాలా?
– ఒక పాఠకురాలు, ఉదయగిరి

మొదట రెంటినీ విడదీయండి. నూనె కాగితానికి శత్రువు. గంటంతో చెక్కిన తాటాకుకు మాత్రం నిమ్మగడ్డి నూనె దూదితో పలచగా, అంటీ అంటనట్టు రాస్తే పెళుసుదనం తగ్గుతుంది. సిరాతో రాసిన ఆకు అయితే వద్దు, అక్షరం చెదురుతుంది. అతుక్కున్న ఆకులను గోటితో లాగకండి. ఆకుకంటే కొంచెం పెద్ద చెక్కల మధ్య పెట్టి, తాడు వదులుగా కట్టి, నూలుగుడ్డలో చుట్టి, వసకొమ్ము ముక్కలు పక్కన ఉంచండి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ నిలుస్తుంది. కాగితాలకు లామినేషన్ చేయించకండి, మళ్లీ విప్పడం కుదరదు.

ఆ కాగితాల్లో ఫసలీ సంవత్సరం, అంటే భూమిశిస్తు లెక్కల ఏడాది, ఉంటుంది. క్రీస్తుశకం కోసం 590 కలపండి, అది జూలైలో మొదలవుతుంది. 1953 అక్టోబరు 1కి ముందు మన నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రం కింద ఉండేది కనుక, వాటికి సంబంధించిన ప్రభుత్వ దస్త్రాలను చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు రాష్ట్ర దస్త్రాలయంలోనూ వెతకాలి.

ప్రశ్న: అవ్వ పాడే జోలపాటల్లో సగం తమిళ మాటలు. రాసేటప్పుడు తెలుగులోకి సరిచేయాలా?
– ఒక పాఠకురాలు, ముత్తుకూరు

వద్దమ్మా. పలికినట్టే రాయండి, అర్థం పక్కన వేరుగా రాసుకోండి. ఫ్యాను ఆపి, ఫోను జానెడు దూరంలో ఉంచి, డబ్ల్యూఏవీ రకం ఫైలుగా రికార్డు చేయండి. మొదట్లోనే అవ్వ పేరు, ఊరు, తేదీ, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నదీ ఆమె నోటితోనే చెప్పించండి. ఇతరులకు వినిపించడానికి ఒప్పుకుంటున్నదీ లేనిదీ కూడా అక్కడే అడగండి. ఫోను ఒక్కదాన్నే నమ్మకుండా మూడు ప్రతులు తీసి, ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గర పెట్టండి.